పాఠాలు తిరగరాసిచ్చే ఏఐ యాప్: ఆరు నెలలు వాడాక నా మాట

నేను పల్నాడు జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో బయాలజీ టీచర్ని. పోయిన జూన్‌లో బడి తెరిచిన వారమే నెలకు 399 రూపాయలు కట్టి ఒక ఏఐ యాప్ తీసుకున్నాను. పాఠం పేజీని ఫొటో తీసి ఎక్కిస్తే చాలు, సులువైన తెలుగులోకి మార్చి ఇస్తుంది. దాంట్లోంచే వర్క్‌షీటు, స్లిప్ టెస్టు, పోస్టరు, ఆడియో కూడా తయారుచేస్తుంది. మా టీచర్ల గ్రూపుల్లో రోజూ ఎవరో ఒకరు "మేడమ్, బాగుందా? తీసుకోవచ్చా?" అని అడుగుతున్నారు. ఒక్క ముక్కలో చెప్పలేను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

యాప్ పేరు రాయడం లేదు. ఇదే రకం యాప్‌లు ఇంకో రెండు కూడా ఉచిత ట్రయల్‌లో చూశాను. నేను చెప్పబోయే ముఖ్యమైన లోపం వాటిలోనూ ఉంది. కాబట్టి పేరు తెలిసినా మీకు ఒరిగేది లేదు. ఏది తీసుకున్నా ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు.

ముందు మంచి చెప్తాను, ఎందుకంటే అది నిజంగానే చాలా ఉంది.

మా ఎనిమిదో తరగతిలో 43 మంది. అందులో ఆరుగురికి ఇప్పటికీ ఒక పేరా తడుముకోకుండా చదవడం రాదు. జీర్ణవ్యవస్థ పాఠం చెప్పేటప్పుడు వాళ్లు పుస్తకం తెరుస్తారు, బొమ్మ చూస్తారు, అంతే. లాలాజలంలోని ఎమైలేజ్ ఎంజైమ్ పిండిపదార్థాలను చక్కెరలుగా మారుస్తుంది అనే వాక్యం దగ్గరే వాళ్ల పడవ ఆగిపోతుంది. ఈ యాప్ ఆ పేజీని మూడు స్థాయుల్లో రాసిచ్చింది. మొదటి స్థాయిలో ఇలా ఉంది: "అన్నం నమిలితే నోట్లో ఉమ్మి ఊరుతుంది. ఉమ్మి అన్నాన్ని మెత్తగా చేస్తుంది. ఎక్కువసేపు నమిలితే అన్నం తియ్యగా అనిపిస్తుంది. ఎందుకు?" రెండో స్థాయిలో ఉమ్మి పక్కన లాలాజలం అన్న మాట వచ్చింది. మూడోది పుస్తకంలో ఉన్నట్టే. మధ్యాహ్న భోజనం అయ్యాక ఆ ఆరుగురిలో ఒక అబ్బాయి నా దగ్గరికొచ్చి, "టీచర్, నిజంగానే తియ్యగా అయింది, ఇరవైసార్లు నమిలాను" అన్నాడు. పదేళ్ల సర్వీసులో వాడిలాంటి పిల్లలు పాఠం గురించి తమంతట తాము వచ్చి మాట్లాడటం వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఆ రోజుకే నా 399 రూపాయలు తీరిపోయాయనిపించింది.

ఇంకో అబ్బాయికి చూపు తక్కువ. వాడి కోసం ప్రతి పాఠమూ పెద్ద అక్షరాల్లో, పక్కన బొమ్మలేవీ లేకుండా ప్రింటు తీసి ఇస్తున్నాను. ఆడియో కూడా వాళ్లమ్మ ఫోన్‌కి పంపుతున్నాను. ఇంతకుముందు ఇదే పని చేత్తో చేయాలంటే ఒక పాఠానికి ఆదివారం సగం పోయేది. ఇప్పుడు పావుగంట.

తప్పులు లేవని కాదు. పేగు గోడల్లో ఉండే విల్లై అన్న మాటను "విల్లులు" అని రాసింది. మన పుస్తకంలో అది ఆంత్రచూషకాలు. చూసుకోకుండా ఒక సెక్షన్‌కి ఇచ్చేశాను. ఓ అమ్మాయి పేగు లోపల ధనుస్సు బొమ్మలు వేసుకొచ్చింది. జీర్ణాశయాన్ని ఒకచోట పొట్ట అనీ, ఇంకోచోట కడుపు అనీ, మరోచోట ఉదరం అనీ రాసి, మూడూ వేర్వేరు అవయవాలేమో అన్నట్టు చేసింది. కాబట్టి ప్రింటు తీసే ముందు ప్రతి లైనూ చదవాల్సిందే. ఈ తప్పులు దిద్దుకోవచ్చు. నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటి.

నాకు పదో తరగతిలో జీవశాస్త్రం చెప్పిన మాస్టారు రిటైరయ్యాక శరీర భాగాల మీద గేయాలు రాసి, సొంత డబ్బుతో 500 కాపీలు వేయించుకున్నారు. చిన్న పుస్తకం, వెల 60 రూపాయలు. ఓసారి వాళ్లింటికి వెళ్తే చేతిలో పెట్టి, "మీ పిల్లలతో పాడించమ్మా" అన్నారు. జీర్ణవ్యవస్థ గేయం నాకు బాగా నచ్చింది. ఆయన అనుమతితో నాలుగు పాదాలు ఇక్కడ రాస్తున్నాను.

నమిలిన ముద్ద నానింది
నాలుక తోసి పంపింది
మెట్టు మెట్టు దిగినట్టు
మెల్ల మెల్లగ జారింది

ఆహారవాహికలో పెరిస్టాల్టిక్ చలనం గురించి ఇంతకంటే బాగా చెప్పే వాక్యం ఏ గైడులోనూ నాకు కనిపించలేదు. "మెట్టు మెట్టు" అన్నప్పుడు పిల్లలు చేత్తో గొంతు మీంచి కిందికి తడుముకుంటూ చూపిస్తారు. ఆ అలల కదలిక వాళ్లకి అర్థమైపోతుంది.

జూలైలో ఆ పుస్తకంలోంచి నాలుగు పేజీలు ఫొటో తీసి యాప్‌లో ఎక్కించి, "ఎనిమిదో తరగతికి వర్క్‌షీటు చెయ్యి" అన్నాను. నిమిషంలో చేసింది. ఖాళీలు, జతపరచడం, అన్నీ బాగున్నాయి. గేయాన్ని కూడా "సరళం" చేసింది:

నమిలిన ఆహారం తడిగా మారింది
నాలుక దానిని లోపలికి పంపింది
అది క్రమంగా కిందికి
ప్రయాణం చేసింది

పైన రచయిత పేరు లేదు. అడుగున యాప్ లోగో, దాని పక్కన "రూపకర్త" అని నా పేరు. నేను ప్రింటు తీసినప్పుడు ఆ కాగితం మీద పెన్నుతో మాస్టారి పేరు రాసి, గేయాన్ని అసలు రూపంలోనే బోర్డు మీద రాసి పాడించాను. నా క్లాసు వరకు అక్కడితో అయిపోయిందనుకున్నాను.

సెప్టెంబరులో ఒక రాత్రి తొమ్మిది దాటాక మాస్టారి ఫోన్. ఆయన మనవరాలు వేరే ఊళ్లో ప్రైవేటు స్కూల్లో చదువుతోంది. ఆ పిల్ల హోంవర్కు తెచ్చి తాతయ్య పక్కన కూర్చుని చదువుతుంటే ఆయనకి ఏదో తెలిసిన పాటలా అనిపించి కాగితం తీసుకుని చూశారట. తన గేయమే. మాటలు మారిపోయి ఉన్నాయి. కింద నా పేరు.

"ఏమ్మా, బాగున్నావా? నీ పేరు చూసి నువ్వేనా కాదా అని ఫోన్ చేశాను" అన్నారు.

"నేనే మాస్టారూ. కానీ అది వాళ్ల స్కూలుకెలా వచ్చిందో నాకు తెలీదు."

"వాడుకో అమ్మా, వాడుకోమనేగా ఇచ్చింది. పిల్లలకి చెప్పడానికి నన్ను అడగక్కర్లేదు. కానీ, మెట్టు మెట్టు తీసేశారేమ్మా? అది తీసేస్తే ఇక దాన్లో ఏముందీ?"

పేరు పోయిందని ఆయన అడగలేదు. ఆ మాటే అడిగారు. నాకు నోట మాట రాలేదు. పొద్దున్నే చూస్తాను మాస్టారూ అని పెట్టేశాను. తెల్లవార్లూ ఆ మాటే చెవిలో.

పొద్దున యాప్ తెరిచి వెతికితే తెలిసింది. మనం తయారుచేసిన ప్రతి వర్క్‌షీటూ వాళ్ల "పబ్లిక్ లైబ్రరీ"లోకి తనంతట తానే వెళ్తుంది. ఖాతా తెరిచిన రోజు నుంచే ఆ స్విచ్ ఆన్‌లో ఉంటుంది. మనం వెతికి ఆపుకోవాలి. అది కూడా సెట్టింగ్స్‌లో "షేరింగ్" కింద కాదు, "నా ప్రొఫైల్", "కమ్యూనిటీ", "కంట్రిబ్యూషన్స్" అని మూడు తలుపులు దాటాక ఉంది. నా గేయం షీటును అప్పటికి 61 మంది దించుకున్నారు. నేను ఎక్కించిన నాలుగు పేజీల ఫొటోలు మాత్రం లైబ్రరీలో కనిపించలేదు, అంతవరకు నయం.

కస్టమర్ కేర్‌కి రాశాను. తొమ్మిది రోజులకి జవాబొచ్చింది. షీటు తీసేశామని, అయితే ఎక్కించే ప్రతి విషయం మీదా హక్కులు తనకే ఉన్నాయని వాడకందారు ఒప్పుకున్నాకే ఖాతా తెరుచుకుంటుందని, కాబట్టి బాధ్యత నాదేనని. నిబంధనలు మళ్లీ తీసి చదివాను. నిజమే, ఏడో పేరాలో ఉంది. "నేను అంగీకరిస్తున్నాను" అని నొక్కింది నేనే. ఎవరూ చదవని చోట ఆ వాక్యం పెట్టి, పబ్లిక్ స్విచ్ ముందే ఆన్ చేసి ఉంచడం టీచర్లకు చేసే అన్యాయం అని నా అభిప్రాయం. ఈ రెండిట్లో ఒక్కటి లేకపోయినా మాస్టారి ఇంటికి ఆ కాగితం చేరేది కాదు.

మా తమ్ముడు గుంటూరులో అడ్వొకేటు. ఆదివారం వాడి ఇంటికెళ్లి అన్నీ వాడి ముందు పెట్టి అడిగాను, నేను చేసింది తప్పా అని.

"అక్కా, నువ్వు చేసినవి రెండు పనులు. ఒకటిగా చూడకు" అన్నాడు.

తర్వాత వాడు 1957 కాపీరైట్ చట్టం తీసి 52వ సెక్షన్ చూపించాడు. అందులో మా టీచర్ల కోసమే ఒక చిన్న క్లాజు ఉంది, 52(1)(ఐ). బోధన జరిగే క్రమంలో టీచరు గానీ విద్యార్థి గానీ ఒక రచనను కాపీ చేసుకుంటే అది ఉల్లంఘన కాదు. పరీక్ష ప్రశ్నల్లో భాగంగా వాడుకున్నా, జవాబుల్లో రాసినా కాదు. ఇన్నేళ్లూ నేను గైడులోంచి, పత్రికలోంచి జిరాక్స్ తీసి పిల్లలకిస్తూ, లోలోపల ఏదో దొంగతనం చేస్తున్నట్టు జంకేదాన్ని. ఆ క్లాజు చదివాక ఊపిరి పీల్చుకున్నాను.

ఈ క్లాజు మీద మన దేశంలో పెద్ద కేసే నడిచింది. ఢిల్లీ యూనివర్సిటీ క్యాంపస్‌లో రామేశ్వరి ఫొటోకాపీ సర్వీస్ అని ఒక జిరాక్స్ షాపు. ప్రొఫెసర్లు చెప్పిన అధ్యాయాలను వేర్వేరు పుస్తకాల్లోంచి తీసి కోర్స్ ప్యాకులుగా కుట్టి అమ్మేవాళ్లు. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు ఢిల్లీ హైకోర్టుకెళ్లాయి. 2016 సెప్టెంబరులో సింగిల్ జడ్జి, ఆ డిసెంబరులో డివిజన్ బెంచి ఇచ్చిన తీర్పులు రెండూ ఈ క్లాజు అర్థం విషయంలో విద్యార్థుల పక్షానే నిలిచాయి, అయితే ఆ కాపీలు పాఠానికి అవసరమైనంతేనా అన్నది తేల్చమని బెంచి కేసును మళ్లీ విచారణకు పంపింది. బోధన క్రమం అంటే తరగతి గదిలో గంట మోగినప్పటి నుంచి మళ్లీ మోగేదాకా మాత్రమే కాదని, పాఠానికి అవసరమైనంత మేరకు కాపీ చేయొచ్చని, ఇన్ని పేజీలే అన్న లెక్క లేదని బెంచి చెప్పింది. 2017లో ప్రచురణకర్తలు కేసు వెనక్కి తీసుకున్నారు. చదువు పక్షాన వచ్చిన ఇలాంటి తీర్పు గురించి మా టీచర్ ట్రైనింగుల్లో ఒక్కసారైనా ఎవరూ చెప్పలేదు. చెప్పాలి.

"మరి నేను చేసిన రెండో పని ఏంటిరా?"

"నీ 43 మందికి ఇచ్చినంతవరకు నీకు రక్షణ ఉంది. లోకమంతా దించుకునే లైబ్రరీలోకి వెళ్లాక అది పాఠం చెప్పడం కాదక్కా, ప్రచురించడం. దానికి ఈ క్లాజు రక్షణ ఇవ్వదు."

ఇంకో విషయం కూడా చెప్పాడు. చట్టంలో కాపీ చేసే హక్కు, అనువదించే హక్కు, రూపం మార్చే హక్కు వేర్వేరుగా ఉన్నాయి, మూడూ రచయితవే. 52(1)(ఐ)లో ఉన్నది కాపీ గురించిన మాట. ఏఐ చేత గేయాన్ని మార్పించి రాయించడం కేవలం కాపీ కాదు. అందుకని మార్చిన రూపాన్ని తరగతి దాటనివ్వకపోవడమే క్షేమం అన్నాడు. పైగా 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు ఇంకొకరికి అమ్మేసుకున్నా సరే, తన పేరు చెప్పించుకునే హక్కు రచయితకు ఉంటుంది. తన గౌరవానికి భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కూ ఉంటుంది. మాస్టారు ఫోన్‌లో అడిగిన ప్రశ్న అచ్చంగా ఆ సెక్షనే. ఆయన చట్టం చదివి అడగలేదు.

చూపు తక్కువ ఉన్న అబ్బాయి సంగతి కూడా అడిగాను. అక్కడ చట్టం చాలా ఉదారంగా ఉంది. 2012 సవరణతో 52(1)(జెడ్‌బి) అనే క్లాజు వచ్చింది. వైకల్యం ఉన్నవాళ్లు చదువుకోవడానికి వీలుగా ఏ రచననైనా, ఎవరైనా, వాళ్లకు అందే రూపంలోకి మార్చి ఇవ్వొచ్చు. అందులో రూపం మార్చడం అన్న మాట కూడా స్పష్టంగా ఉంది. పెద్ద అక్షరాలు, ఆడియో, బ్రెయిల్, అన్నీ. ఏఐ యాప్‌ల వల్ల అన్నిటికంటే ఎక్కువ మేలు ఇక్కడే జరుగుతుంది, చట్టం కూడా అన్నిటికంటే ఎక్కువ ఇక్కడే తలుపు తెరిచింది. మీ తరగతిలో అలాంటి పిల్లలుంటే సంకోచించకండి, ఈ రోజే మొదలుపెట్టండి.

ఇంటికొచ్చాక ఇంకో పని చేశాను. ఈ యాప్‌లో సందేహాలు తీర్చే ఒక సహాయకుడు ఉంటాడు, చాట్‌లో అడిగితే జవాబిస్తాడు. కాపీరైట్ గురించి తెలుగులో ఐదు ప్రశ్నలు వేశాను. ఈ రివ్యూలో మీకు అన్నిటికంటే పనికొచ్చేది ఈ భాగమే.

పుస్తకం మీద కాపీరైట్ గుర్తు లేకపోతే వాడుకోవచ్చా అంటే, "గుర్తు లేకపోతే సాధారణంగా ఉచితం" అంది. తప్పు. మన దేశంలో రాసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది, గుర్తూ అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. మాస్టారి పుస్తకం మీద ఆ గుర్తు లేదు, ఐఎస్‌బీఎన్ (పుస్తకాలకిచ్చే గుర్తింపు నంబరు) కూడా లేదు. హక్కు మాత్రం నిండుగా ఉంది.

ప్రభుత్వ పాఠ్యపుస్తకం ప్రజలది కదా అంటే, "అవును, ప్రజాధనంతో ముద్రించినది కాబట్టి స్వేచ్ఛగా వాడవచ్చు" అంది. ఇదీ తప్పే. మన రాష్ట్ర పాఠ్యపుస్తకం లోపలి పేజీ ఒక్కసారి తెరిచి చూడండి. హక్కులు పాఠశాల విద్య కమిషనర్‌వని, రాతపూర్వక అనుమతి లేకుండా ఏ భాగాన్నీ పునర్ముద్రించరాదని అచ్చేసి ఉంటుంది. పదేళ్లుగా ఆ పుస్తకం పట్టుకుని పాఠం చెప్తూ ఆ పేజీ నేనూ చదవలేదు. ప్రభుత్వ ప్రచురణకు కాపీరైట్ 60 ఏళ్లు. ఎన్‌సీఈఆర్‌టీ కూడా తమ పుస్తకాల్లోని విషయాన్ని అనుమతి లేకుండా ప్రచురిస్తున్నవాళ్లను 2024 ఏప్రిల్‌లో బహిరంగంగా హెచ్చరించింది. తరగతిలో వాడటం వేరు, దాన్ని మార్చి నోట్సుగా అమ్మడమో యూట్యూబ్‌లో పెట్టడమో వేరు.

గురజాడ కవిత్వం వాడొచ్చా, జాషువా పద్యం వాడొచ్చా అని కలిపి అడిగాను. "ఇద్దరూ పాత కవులు కాబట్టి ఇద్దరివీ ఉచితం" అని వచ్చింది. గురజాడ 1915లో పోయారు, అది నిజమే, ఎవరి అనుమతీ అక్కర్లేదు. జాషువా పోయింది 1971లో. రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు లెక్కపెట్టాలి. అంటే 2031 చివరిదాకా ఆ పద్యాలకు హక్కుదారులున్నారు. పాఠ్యపుస్తకంలో చిన్నప్పటి నుంచి చూస్తున్నాం కాబట్టి మనకు అన్నీ ఒకే కాలానివిగా అనిపిస్తాయి. తెలుగు టీచర్లు దీన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మీరు పిల్లలతో చదివించే ఆధునిక కవుల్లో చాలామంది ఇంకా ఈ 60 ఏళ్ల లోపలే ఉన్నారు.

ముప్పై శాతం మారిస్తే మన సొంతమవుతుందా అన్నదానికి మాత్రం సరిగ్గా చెప్పింది, అలాంటి లెక్క చట్టంలో లేదని. ఈ ముప్పై శాతం మాట మా స్టాఫ్ రూముల్లో ఎక్కడి నుంచి పుట్టిందో గానీ, అందరూ నమ్ముతారు. చూపు లేని పిల్లల గురించి అడిగితే అదీ సరిగ్గానే చెప్పింది.

ఐదింట్లో మూడు తప్పు. అంతకంటే భయం కలిగించింది దాని ధీమా. తప్పు చెప్పినప్పుడూ ఒప్పు చెప్పినప్పుడూ ఒకే గొంతు. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచరు దీన్ని నమ్మి ఒక పుస్తకం వేసేస్తే ఎవరు దిక్కు?

చాలామంది అడిగే ఇంకో ప్రశ్న, ఏఐ కంపెనీల మీదే కేసులున్నాయి కదా, మనం వాడితే మనకీ చుట్టుకుంటాయా అని. 2024 నవంబరులో ఏఎన్ఐ వార్తాసంస్థ, చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ మీద ఢిల్లీ హైకోర్టులో కేసు వేసింది. అది తమ వార్తలతో ఏఐకి శిక్షణ ఇవ్వడం గురించి. టీచరు తన తరగతికి షీటు చేసుకోవడం గురించి కాదు. ఆ కేసు పేరు చెప్పి భయపెట్టే వీడియోలు చూసి టెన్షన్ పడకండి.

ఇప్పుడు నేను యాప్‌ని ఎలా వాడుతున్నానో చెప్తాను. ముందు ఆ పబ్లిక్ స్విచ్ ఆపేశాను. చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే మా స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో నా ఫోన్ అందరికీ చూపించి ఎక్కడుందో చెప్పాను. అక్కడ పదకొండు మంది ఇదే యాప్ వాడుతున్నారు, ఒక్కరికీ తెలీదు. అక్కడికక్కడే అందరూ ఆపేశారు.

రెండోది, జీర్ణక్రియ ఎలా జరుగుతుందన్నది ఎవరి సొత్తూ కాదు. దాన్ని ఒకరు చెప్పిన మాటలూ, గీసిన బొమ్మా మాత్రమే వాళ్లవి. అందుకని గైడు పేజీ ఫొటో తీసి ఎక్కించడం మానేశాను. పాఠం నాకొచ్చు కదా. నేను తరగతిలో ఎలా చెప్తానో అలాగే ఫోన్‌లో నాలుగు నిమిషాలు మాట్లాడి, ఆ మాటనే యాప్‌కిచ్చి మూడు స్థాయుల్లో చేయమంటున్నాను. ఫలితం ముందుకంటే బాగుంది! పిల్లలు "ఇది మీరు మాట్లాడినట్టే ఉంది టీచర్" అన్నారు. బొమ్మ నేనే చేత్తో గీసి ఫొటో పెడుతున్నాను.

మూడోది, కథలు కావాల్సినప్పుడు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటుకి వెళ్తున్నాను. 2015 నుంచి ఉంది, తెలుగులో కూడా బోలెడు కథలున్నాయి, పైసా కట్టక్కర్లేదు. అక్కడి కథలు సీసీ బై 4.0 (సీసీ అంటే క్రియేటివ్ కామన్స్) అనే లైసెన్సు కింద ఉంటాయి. అంటే అనువదించుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు, వర్క్‌షీటు చేసుకోవచ్చు, ఊరందరికీ పంచుకోవచ్చు. ఒక్కటే షరతు: రాసినవాళ్ల పేరు, బొమ్మలు వేసినవాళ్ల పేరు, లైసెన్సు పేరు, మనం మార్చామన్న సంగతి రాయాలి. ఏఐతో మార్చుకోవడానికి ఇంతకంటే అనువైన సరుకు లేదు. ప్రభుత్వం పాఠాలు పెట్టే దీక్షా పోర్టల్లో కూడా చాలావాటికి క్రియేటివ్ కామన్స్ గుర్తు కనిపిస్తుంది. కాకపోతే ఏ రకమో చూసుకోవాలి. ఎన్‌సీ అని ఉంటే వ్యాపారానికి పనికిరాదు. ఎన్‌డీ అని ఉంటే మార్చినదాన్ని నలుగురికీ పంచకూడదు. ఈ ఎన్‌డీ ఉన్నవాటిని యాప్‌లో వేసి సులువుగా మార్పించి గ్రూపులో పెట్టడం కుదరదు.

యాప్ మాత్రం ఈ పేర్లు నిలబెట్టదు. స్టోరీవీవర్ కథ ఎక్కించి షీటు చేయమన్నా రచయిత, చిత్రకారుల పేర్లు మాయం. నేను "చివర ఈ వివరాలు యథాతథంగా ఉంచు" అని ప్రతిసారీ రాసిస్తున్నాను. అప్పుడు కూడా పదింట్లో రెండుసార్లు వదిలేస్తోంది. ఒక చిన్న గడి, "దీని రచయిత ఎవరు, అనుమతి ఉందా" అని ఎక్కించేటప్పుడే అడిగితే సరిపోయే పని. వాళ్లకు రెండుసార్లు రాశాను.

మాస్టారి దగ్గరికి స్వయంగా వెళ్లాను. షీటు మళ్లీ చేసి తీసుకెళ్లాను, గేయం ఆయన రాసింది రాసినట్టే, పైన ఆయన పేరు పెద్ద అక్షరాల్లో, ఖాళీలూ జతపరచడాలూ మాత్రం యాప్ చేసినవి. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, ఒక ఖాళీలో తప్పు పట్టుకుని దిద్దారు. తర్వాత మాట్లాడకుండా ఒక తెల్లకాగితం తీసుకుని, ఈ పుస్తకంలోని గేయాలను ప్రభుత్వ పాఠశాలల పిల్లల కోసం, మాటలు మార్చకుండా, పేరుతో సహా ఎవరైనా వాడుకోవచ్చని రాసి సంతకం పెట్టి, తేదీ వేసి ఇచ్చారు. ఆ కాగితం ఫొటో ఇప్పుడు ప్రతి షీటు వెనక వేస్తున్నాను. 61 మందిలో నాకు తెలిసినవాళ్లు నలుగురు దొరికారు, వాళ్లకి కొత్త షీటు పంపాను. మిగతావాళ్ల దగ్గర ఆ పాతదే ఉంది, అది నన్ను ఇంకా బాధపెడుతూనే ఉంది.

మార్కులు అడుగుతారు కాబట్టి: పాఠాన్ని పిల్లల స్థాయికి దించడంలో ఐదుకి నాలుగున్నర. తెలుగు పారిభాషిక పదాల్లో మూడు. చూపు, వినికిడి ఇబ్బందులున్న పిల్లలకు ఉపయోగంలో ఐదుకి ఐదు. రచయితల పేర్లు నిలబెట్టడంలో, హక్కుల గురించి టీచరుకి నిజం చెప్పడంలో ఒకటి. కస్టమర్ కేర్ రెండు.

తీసుకోవచ్చు. కాకపోతే ఏడాదికి 3,999 ఒకేసారి కట్టేయకండి, నెలనెలా కట్టుకోండి. ఖాతా తెరిచిన వెంటనే, మొదటి పేజీ ఎక్కించక ముందే, ప్రొఫైల్, కమ్యూనిటీ, కంట్రిబ్యూషన్స్‌లోకి వెళ్లి ఆ స్విచ్ ఆపండి. నా రెన్యువల్ వచ్చే నెల 12న. ఆ స్విచ్‌ని వాళ్లే ఆఫ్‌లో ఉంచి ఇవ్వడం మొదలుపెడితే ఇక్కడికొచ్చి చెప్తాను, మార్కులూ మారుస్తాను.